తెల్లగుంటే చాలు

"సౌండ్ రావాలమ్మా. కొట్టేటప్పుడు హుస్సుమంటారు కదా, అది వీడియోలో వినపడట్లేదు," అంది పూజ.

జంగమ్మ దుప్పటిని మళ్లీ నీళ్లలో ముంచింది. రెండు చేతులా మెలిపెట్టి, భుజం మీదుగా వెనక్కి తిప్పి బండ మీద కొట్టింది. ఈసారి గట్టిగా హుస్సుమంది. కర్ర కంచెకు అవతల నిలబడ్డవాళ్లు ఫోన్లు పైకెత్తారు. ఆ కంచె కర్రది కాదు. సిమెంటుతో కట్టి కర్రలా రంగు వేశారు.

దుప్పటి పొద్దున బీరువాలోంచి తీసినప్పుడే తెల్లగా ఉంది. నిన్నా అదే ఉతికింది, మొన్నా అదే ఉతికింది. సబ్బు పెట్టనివ్వరు, సౌడుమన్ను పెట్టనివ్వరు. ఏరు పాడవుతుందట. మురికి లేని దుప్పట్లను పొద్దంతా ముంచి కొట్టడం ఆమె కొలువు. దెబ్బలకు వాటి అంచులు పోగులు లేచాయి.

మొయినాబాద్ రోడ్డు దిగి లోపలికి వస్తే ఈసీ ఏటి ఒడ్డున పార్కు. గేటు దగ్గర టికెట్ తీసుకుంటే కంకర పోసిన బాట ఏటి వెంట తీసుకుపోతుంది. దానికి నేచర్ ట్రెయిల్ అని పేరు పెట్టారు. గొర్లు నీళ్లకు దిగిన తొవ్వ అది, చాకలివాళ్లు మూటలతో రేవుకు పోయిన తొవ్వ. ఇప్పుడు దాని పక్కన పిట్టల బొమ్మలతో బోర్డులున్నాయి, నోరు తెరిచిన కప్పల్లాంటి చెత్తడబ్బాలున్నాయి. ఏరు వంక తిరిగే చోట ఎద్దులు లేని బండి, మన్ను లేని కుమ్మరి సారె, ఆ తర్వాత రేవు బండ. జంగమ్మ మామ, ఆయన తండ్రి, ఊరి బట్టలన్నీ కొట్టి నున్నగా చేసిన బండ. దానికీ ఒక బోర్డు పెట్టారు. "చాకిరేవు. ఫొటో పాయింట్."

జనం పలచబడ్డాక జంగమ్మ చేతులు తుడుచుకుని నర్సింహ దగ్గరికి పోయింది. పెద్దపటేలు కొడుకు నర్సింహ. ఏటి ఒడ్డు భూమి పార్కుకు ఇచ్చి, పార్కులోనే సూపర్‌వైజర్ అయ్యాడు. మెడలో కార్డు వేలాడుతుంటుంది.

"పటేలా."

"ఈడ సార్ అనమన్న గద."

"సార్. మా ఆయినె కిందికి ఉన్నయే రెండు దుప్పట్లు. కాలు చెయ్యి పడిపోయినకాడికెల్లి అన్నీ మంచంలనే అయితున్నయ్. నల్లా ఒకపూట వస్తే ఒకపూట రాదు. సందెల అందరు పోయినంక ఈ బండ మీద జర ఉతుక్కుంట."

పక్కనే ఫోన్ చూసుకుంటున్న పూజ తలెత్తింది. ఈ చాకిరేవు, ఈ ఎద్దులు లేని బండి అన్నీ పూజ ఆలోచనలే. పట్నం నుంచి వస్తుంది.

"ఏంటట?"

"వాళ్లాయన బెడ్‌షీట్ ఉతుక్కుంటదట మేడం."

"అయ్యో, నో నో. మైలా బట్టలు వద్దమ్మా ఇక్కడ. సాఫ్ బట్టలే."

జంగమ్మ తెల్లబోయింది. "మైల గాదమ్మా. పాణంతోనే ఉన్నడు మా ఆయినె. మనిషి ఉండంగ మైలెట్లయితది?"

నర్సింహ నవ్వాడు. "మేడం అనేది మురికి గురించే. పట్నంల మురికినే మైలా అంటరు."

"రెంటికి ఫరక్ లేదా సార్?"

"ఈడ లేదు. తెల్లగుంటే సరే. లేకుంటే మైల. పో, దుప్పట్లు లెక్కజూసి లోపట పెట్టు."

బాట ఊడుస్తున్న ఎస్తేర్ చీపురు ఆపి చూసింది. నర్సింహ అటు పోయాక దగ్గరికి వచ్చింది.

"అయితే ఈ పార్కుల అందరికన్న మైల పటేలేనేమో అవ్వా. ఆ నలుపుకు ఏ సబ్బు పని చేస్తది?"

జంగమ్మ నవ్వలేదు. తడి దుప్పటిని మోకాలి మీద వేసి పిండింది. చుక్క మురికి రాలేదు.

ఇంట్లో హన్మయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. వాసన గడప దగ్గరే తగిలింది. జంగమ్మ కొంగు బిగించి, ఒక చెయ్యి అతని మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి ఇవతలికి దొర్లించింది. వీపు మీద తోలు లేచిపోయి ఉంది. తడిగుడ్డతో తుడుస్తుంటే పళ్లు కొరికాడు. కింద ఉన్న దుప్పటి లాగి బయట పడేసింది. పొద్దున పిండి ఆరేసినది ఇంకా ఆరలేదు. పెట్టె అడుగున ఉన్న పాత నేత దుప్పటి తీసి పరిచింది.

హన్మయ్య మంచిగా ఉన్న చేత్తో దుప్పటి కొస వెతికాడు. కొసన నల్లగా జీడి గుర్తు. రెండు గీతలు, వాటి నడుమ చుక్క. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి జీడిగింజ రసంతో చాకలి పెట్టే గుర్తు అది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఊళ్లో గుర్తులన్నీ హన్మయ్య పెట్టినవే.

"పెద్దపటేల్ది గదా ఇది. గిది తీసినవేందే?"

"ఇంకోటి ఆరలే."

"పెద్దపటేలు పాణం దీని మీదనే పోయింది. పీనుగ కిందికెల్లి గుంజి నా మీద పడేసిండు నర్సింహ పటేలు. చచ్చినోని బట్ట చాకలోనిది గద." సగం నోటితో నవ్వాడు. చొంగ కారింది. జంగమ్మ తుడిచింది. "మరి నా కిందిది ఎవరికిస్తవే? చాకలోనికి చాకలెవ్వడు?"

"నోరు మూసుకొని పండుకో. పెద్దపటేలు పడుకున్న దుప్పటి, పట్టెమంచం ఒక్కటే తక్కువ నీకు."

"మెత్తగనే ఉన్నది," అన్నాడు హన్మయ్య.

మర్నాడు పట్నం నుంచి స్కూలు బస్సులు వచ్చాయి. మొదటి బస్సు పిల్లలు కంచె మీద ఎగబడ్డారు. టీచరమ్మ చెయ్యి చాపి చూపించింది.

"పూర్వకాలంలో బట్టలు ఇలా ఉతికేవాళ్లు పిల్లలూ. వాషింగ్ మెషీన్లు లేవు కదా అప్పుడు."

"అవి క్లీన్‌గానే ఉన్నాయి కదా మిస్?" అంది ఒక పిల్ల.

"సైలెన్స్. చూసి నేర్చుకోవాలి."

జంగమ్మ ముంచింది, కొట్టింది, హుస్సుమంది. పిల్లలు కూడా హుస్సుమన్నారు. మళ్లీ కొడితే మళ్లీ అన్నారు. అదొక ఆట అయింది వాళ్లకు.

ఎస్తేర్ చీపురు చేతిలోనే పట్టుకుని బాట మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. జంగమ్మకు ఫోన్ లేదు. పక్కింటి సక్కుబాయి ఏం చెప్పాలన్నా ఎస్తేర్‌కే చెబుతుంది.

"అవ్వా, సక్కుబాయి ఫోన్ చేసింది. తాతకు దమ్ము ఎగపోస్తున్నదట. తొందరగ రమ్మంటున్నది."

జంగమ్మ దుప్పటి బండ మీదే వదిలేసి నీళ్లలోంచి పైకి వచ్చింది. నర్సింహ ఎదురొచ్చాడు. వెనుక రెండో బస్సు పిల్లలు జంటలు జంటలుగా దిగి వస్తున్నారు.

"ఏడికి?"

"ఆయినెకు పాణం మీదికొచ్చింది సార్. పోవాలె."

"ఇగో, గీ బస్సు ఇప్పుడే దిగింది. చాకిరేవు చూడాలెనని వాళ్లు ముందే చెప్పి వచ్చిన్రు. ఇది కానిచ్చుకొని పో."

"పాణం పోతున్నది పటేలా."

"నిరుడు సంది పోతనే ఉన్నది గద నీ మొగని పాణం. ఇంకొంచెం సేపు ఆగదా?" అన్నాడు నర్సింహ. అని, పిల్లల వైపు తిరిగి చిరునవ్వు పెట్టుకున్నాడు. "రండి బాబూ, రండి. మెల్లగ. నీళ్ల దగ్గరికి పోవద్దు."

జంగమ్మ నిలబడింది. ఆ కొలువుతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది, మందుగోలీ వస్తున్నది. ఎస్తేర్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, నర్సింహ చూస్తున్నాడని వెనక్కి తీసుకుంది. జంగమ్మ మళ్లీ నీళ్లలోకి దిగింది. దుప్పటి ముంచింది. వెనక వరసలో పిల్లలకు కనపడలేదని పూజ మరోసారి చేయించింది. సౌండ్ ఈరోజు బాగా వచ్చిందని మెచ్చుకుంది.

ఆటో దొరకలేదు. రోడ్డు వెంట నడిచి, అంతలో పరుగెత్తి, అంతలో నడిచి ఇంటికి చేరింది. గడపలో సక్కుబాయి కూర్చుని ఉంది. జంగమ్మను చూసి లేవలేదు.

"నీళ్లడిగిండు. పోసిన. మింగలే," అంది సక్కుబాయి.

హన్మయ్య గోడ వైపే తిరిగి ఉన్నాడు. జంగమ్మ మంచం దగ్గర కూర్చుని, ఏడుపు కన్నా ముందు, అలవాటుగా దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసింది. తడిగా ఉంది. ఇంకా చల్లారలేదు.

పూడ్చిపెట్టే దగ్గర సక్కుబాయే ఆమె గాజులు పగలగొట్టింది, బొట్టు చెరిపింది. హన్మయ్య తమ్ముడు శివయ్య చందనవెల్లి ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేస్తాడు. అన్నకు మన్ను వేసి, చేతులు కడుక్కుని, డ్యూటీ బస్సు ఎన్ని గంటలకో ఫోన్‌లో కనుక్కున్నాడు.

హన్మయ్య కింది దుప్పటి గోడవార చుట్టి పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఊళ్లో ఎవరింట్లో చావైనా ఆ మూట హన్మయ్య నెత్తిన పెట్టుకుని ఏటికి పోయేవాడు. అతని మూట మోయడానికి ఎవరూ రాలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. ఇస్తరాకులో అన్నం, కోడిగుడ్డు, ఒక బీడీ, సీసా మూతలో కల్లు. పెట్టి అందరూ వెనక్కి జరిగారు. తుమ్మచెట్టు మీద కాకులు ఉన్నాయి. ఒకటి కిందికి వాలింది. ఆకు చుట్టూ నడిచింది, తల వంచి చూసింది, మళ్లీ చెట్టెక్కింది. ఎండ నెత్తికెక్కే దాకా చూశారు. చీమలు పట్టాయి గాని కాకి ముట్టలేదు.

"మనసుల ఏదో ఉన్నది ముసలోనికి," అన్నాడు శివయ్య. "ఏంది వదినే, ఏమన్న అడిగిండా?"

"ఏమడుగుతడు? మైల దుప్పటి ఇంట్లనే పడి ఉన్నది. ఏటికి పోలే. ఇంగ పిట్ట ఎట్ల ముడ్తది?" అంది సక్కుబాయి.

"అయితే నల్లా కాడ ఉతుకుమను."

"నల్లా నీళ్లతోని మరక పోతది. మైల పోతదా? పారే నీళ్లల్ల పడాలె. చాకలోనివి, నీకు నేను చెప్పాల్నా?"

శివయ్య ఫోన్ చూసుకున్నాడు. "నాకు బస్సు టైమైంది. దినాలదాక రోజు ఆకుల అన్నం పెట్టున్రి. ఎన్నడో ఒకనాడు ముడ్తది."

జంగమ్మ ఇంటికి వచ్చి పెరట్లో బాన ఎక్కించింది. బట్టలు ఉడకేసే ఆ బానను చాలాకాలంగా వాడలేదు. బూజు తుడిచి, సౌడు కలిపి, దుప్పటి ముంచి కింద తుమ్మకట్టెలు అంటించింది. పొంగినప్పుడల్లా కర్రతో అదిమింది. పొగకు కళ్లు మండాయి. మరక ముందు పసుపుగా మారింది, తర్వాత అంచు ఒకటే మిగిలింది, తర్వాత అదీ పోయింది. జీడి గుర్తు ఒక్కటే మిగిలింది. దుప్పటి పాలలా తెల్లబడింది. దాన్ని పిండి, చుట్టి, చంకలో పెట్టుకుని పార్కుకు నడిచింది.

నర్సింహ గేటు దగ్గరే ఉన్నాడు. మూట చూశాడు.

"ఏందది?"

"ఆయినె కింది దుప్పటి పటేలా. ఉడకేసిన. మరక లేదు. ఒక్కపాలి ఏట్ల ముంచి తీస్త. పిట్ట ముడ్తలేదు."

"మనిషి పోయిన బట్ట తెచ్చి పార్కుల ముంచుతవా? తల్కాయ ఉన్నదా నీకు?"

"మీ బాపు పోయిననాడు గూడ ఆయినె బట్టలు ఈ బండ మీదనే..."

"అప్పుడు పార్కు లేదు. పో, పో. జనం చూస్తున్నరు."

జంగమ్మ తిరిగింది. రోడ్డు దాకా పోకముందే నర్సింహ వెనక నుంచి పిలిచాడు.

"ఆగు. రేపు ఐతారం. పెండ్లి జంటలు ఫొటోలకొస్తున్నరు. పొద్దుగాలనే రా."

"మైల ఉన్నదాన్ని పటేలా. దినాలు కాలే. పెండ్లిపిల్లల ముందటికి నేనెట్ల వస్త?"

నర్సింహ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వచ్చేటోళ్లు పట్నపోళ్లు. వాళ్లకేం తెలుస్తది నీ మైల? తెల్లగుంటే చాలు వాళ్లకు. రాకుంటే ఎస్తేరును నిలబెడుత బండ కాడ. నువ్వింక ఎప్పటికి రాకు."

జంగమ్మ చంకలో దుప్పటిని చూసుకుంది.

"వస్త సార్," అంది.

ఆదివారం పొద్దున పూజ ఆమెను చూసి నుదురు ముడిచింది.

"ఏంటమ్మా ఇది? బొట్టు లేదు, గాజుల్లేవు. లుక్కే పోయింది."

"వాళ్లాయన పోయిండు మేడం," అంది ఎస్తేర్.

"ఓ. సారీ అమ్మా." పూజ చేతిలోని డబ్బా తెరవడమా మానడమా అని కాసేపు ఆగింది. తర్వాత తెరిచింది. ఎర్ర ప్లాస్టిక్ గాజులు తీసి జంగమ్మ చేతులకు తొడిగింది. బొట్టుబిళ్ల అంటించింది. "షూట్ వరకే. తర్వాత తీసేద్దురు గాని."

జంగమ్మ దుప్పట్ల మూట ఎత్తుకుని ఏటిలోకి దిగింది. పైన పార్కు దుప్పట్లు. నడుమ హన్మయ్యది. వానలు వెనకబట్టినా ఏరు ఇంకా పారుతూనే ఉంది. నీళ్లు మోకాళ్లను తోసుకుంటూ పోతున్నాయి. పార్కు దుప్పట్లు నాలుగు దెబ్బలు కొట్టి పక్కన పెట్టింది. తర్వాత నేత దుప్పటి తీసింది.

దాన్ని నీళ్లలో వదిలి రెండు కొసలు పట్టుకుంది. ఏరు దాన్ని విప్పి, ఉబ్బించి, కిందికి గుంజింది. చేతులు నొచ్చేదాకా అట్లాగే పట్టుకుంది. తర్వాత మెలిపెట్టి బండ మీద కొట్టింది. హుస్సనలేదు. పళ్లు బిగించి కొట్టింది. ప్లాస్టిక్ గాజు ఒకటి చిట్లి నీళ్లలో పడి కొట్టుకుపోయింది. కంచె దగ్గర ఒకాయన ఫోన్ దించి, "సౌండ్ లేదేంటి ఈమెకు?" అని భార్యను అడిగాడు.

ఎస్తేర్ చీపురు ఆనించుకుని చూస్తున్నది.

"అవ్వా, అది మన పార్కుది గాదు గద."

"ఊడువు నువ్వు."

"మా చర్చిల ఈ మైలలు గియిలలు లేవు. మట్టి మట్టిల కలుస్తది, ఆత్మ దేవుని తానికి పోతది, అయిపాయె. అయినా మా అమ్మ పోయినప్పుడు ఆమె దుప్పటి ముట్టుకునేటందుకు నాకు భయమైంది." ఎస్తేర్ బాట వైపు చూసింది. "తొందరగ కానియ్యి. పటేలొస్తున్నడు."

జంగమ్మ దుప్పటిని రాళ్ల మీద పరిచింది. దాని పక్కన, తంగేడు పొదల మీద మిగతా దుప్పట్లు పరిచింది. పైనే ఎండ. గంట సేపు ఆరనిచ్చి మూట కట్టుకుపోతే అయిపోతుంది. సాయంత్రం ఆకులో మళ్లీ అన్నం పెట్టొచ్చు.

నర్సింహ గబగబా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నుదుటిన చెమట.

"మా బిడ్డ సింధు వస్తున్నది. చిల్కూరు కాడ ఫాంహౌజ్‌ల ఫొటోలు తీసుకుంటమన్నరు. ఆడ నీళ్లు లేవట. ఫొటోగ్రాఫర్ ఏరు గావాలె అన్నడట. అల్లుడొస్తున్నడు, వాళ్ల అమ్మ గూడ వస్తున్నది." జంగమ్మను పైనుంచి కిందికి చూశాడు. బొట్టుబిళ్ల మీద చూపు ఆగింది. "నువ్వు ఈడ ఉండకు. ఆ వాయిలి పొద ఎనుక కూసో. పెండ్లిపిల్ల. నువ్వెదురు రావద్దు, నీ నీడ గూడ పడొద్దు దాని మీద."

"పట్నపోళ్లకైతే ఏం గాదంటివి."

"నా బిడ్డ పట్నపోళ్లా? పో. ఎవరేమడిగినా నోరిప్పకు."

"బట్టలు తీస్కపోత సార్."

"బట్టలు ఉండనియ్. అవి లేకుంటే ఇది చాకిరేవెట్లయితది? బట్టలకేమైంది? తెల్లగున్నయ్. నువ్వు పో ముందు."

బాట మీద కారు దిగిన వాళ్ల మాటలు వినపడుతున్నాయి. జంగమ్మ పొద వెనక్కి పోయి కూర్చుంది. బొట్టుబిళ్ల తీసి వాయిలాకు మీద అంటించింది.

ఆకుల సందులోంచి సింధుజ కనపడింది. లంగా కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తుకుని, రాళ్ల మీద చెప్పులు లేకుండా నడుస్తూ నవ్వుతున్నది. ఆ పిల్ల పెద్దమనిషి అయిననాడు విడిచిన బట్టలు మోసుకొచ్చి ఈ బండ మీదే ఉతికింది జంగమ్మ. పక్కన పెళ్లికొడుకు. వెనక అతని తల్లి, నర్సింహ పట్టుకొచ్చిన కొబ్బరిబోండం తాగుతూ.

ఫొటోగ్రాఫర్ దుప్పట్లన్నీ ఒకసారి చూసి పెదవి విరిచాడు.

"ఇవన్నీ లాడ్జి బెడ్‌షీట్లలా ఉన్నాయి మేడం. మెరుస్తున్నాయి." రాళ్ల మీద పరిచిన దాని దగ్గర ఆగాడు. వేళ్లతో నలిపి చూశాడు. "ఇదీ. ఇది ఒరిజినల్. ఎక్కడ పట్టారు దీన్ని?"

"ఇది మన దగ్గర ఉందా?" అంది పూజ.

ఎస్తేర్ పొద వైపు చూసింది. జంగమ్మ లేచి నిలబడబోయింది. మోకాలు సగం లేచింది, నోరు సగం తెరుచుకుంది. నర్సింహ పొద వైపే చూస్తున్నాడు. ఆకుల్లో కదలిక చూసి, ఎవరికీ కనపడకుండా చెయ్యి కింద పెట్టి విదిలించాడు. కుక్కను అదిలించినట్టు.

జంగమ్మ కూర్చుంది. నోరు మూసుకుంది.

ఫొటోగ్రాఫర్ దుప్పటిని పిల్లకూ పిల్లగాడికీ కలిపి తల మీద కప్పాడు. ఇంకా చెమ్మ ఆరని దుప్పటి. సింధుజ చల్లగా ఉందని నవ్వింది, అంచును చెంపకు ఆనించుకుంది. దుప్పటి కింద ఇద్దరూ ముక్కూ ముక్కూ రాసుకున్నారు. తర్వాత పిల్ల భుజాల చుట్టూ చుట్టారు. తర్వాత ఏటి గాలికి ఎగరేశారు.

"ఏం బట్టండీ, చూడండి ఎట్లా ఎగురుతుందో," అంది పెళ్లికొడుకు తల్లి.

"మా ఊరి నేత వదినమ్మా," అన్నాడు నర్సింహ. "గిసొంటి బట్ట ఇప్పుడు ఎంత పెట్టినా దొరకది. ఎనుకట మా ఇంట్ల అన్నీ గివే."

"బాపూ!" సింధుజ దుప్పటి కొస పైకెత్తి ఊపింది. "బాపూ, ఇటు చూడు. ఇది మన ఇంటిదే! మన గుర్తున్నది!"

నర్సింహ నవ్వుకుంటూ పోయాడు. కొస చేతిలోకి తీసుకున్నాడు. రెండు గీతలు, నడుమ చుక్క. వేలితో రుద్దాడు, పోతుందేమోనన్నట్టు. నవ్వు మొఖం మీద అట్లాగే నిలిచి ఉంది. ఆ ఇంటి గుర్తున్న దుప్పటి ఆ ఇల్లు దాటి చాకలి ఇంటికి ఎప్పుడు పోతుందో అతనికి తెలుసు. ఒక్కసారే పోయింది. తన చేత్తోనే హన్మయ్య మీద పడేశాడు. ఇంక ఆ దుప్పటి నిన్న ఎవరి చంకలో ఉందో, అంతకుముందు ఎవరి కింద ఉందో కూడా తెలుసు.

పొద వైపు చూశాడు. ఆకుల్లో రెండు కళ్లు అతన్నే చూస్తున్నాయి.

"మనదే గదా బాపూ?"

"ఆ," అన్నాడు నర్సింహ.

"మీ ఇంటి బట్ట వెతుక్కుంటూ మీ పిల్ల దగ్గరికే వచ్చింది చూడండి," అంది పెళ్లికొడుకు తల్లి. "పెద్దల దీవెన ఇది."

"ఇది నేను తీస్కపోత. పెండ్లిల అడ్డుతెరకు ఇదే పట్టాలె. ఏం ఆంటీ?"

"తప్పకుండా. కొత్తది ఎవరన్నా పట్టుకుంటారు. ఇది ఉండాలి."

నర్సింహ పెదవులు కదిలాయి. వియ్యపురాలు అతని మొఖంలోకే చూస్తున్నది. ఏం చెప్పినా దాని తర్వాత ఇంకొకటి చెప్పాలి. ఎవరి దుప్పటి, ఎవరు ఉతికారు, ఎవరు పిలిస్తే వచ్చింది.

"జర... పాతదమ్మా అది," అన్నాడు.

"పాతదనే గద!" అంది సింధుజ.

దుప్పటి మడత పెట్టి గుండెకు ఆనించుకుని బాట వైపు వస్తూ, పొద వెనక మనిషిని చూసి ఆగింది.

"జంగవ్వా! నువ్వు ఈడున్నవా? దాసుకున్నవేందే?" పిల్ల దగ్గరికి వచ్చింది. జంగమ్మ వెనక్కి జరిగింది. "ఈ దుప్పటి నా పెండ్లికి తీస్కపోతున్న. ఒక్కపాలి ఉతికి ఇస్తవా?"

నర్సింహ పిల్ల వెనకే వచ్చి నిలబడ్డాడు. జంగమ్మ అతని మొఖం చూసింది. తర్వాత పిల్ల మొఖం చూసింది. చెంప మీద నేత పోగు ఒకటి అంటుకుని ఉంది.

"ఉతికిందే బిడ్డా," అంది.

మర్నాడు పొద్దున నర్సింహ వాడకట్టుకు వచ్చాడు. మెడలో కార్డు లేదు. జంగమ్మ ఇంటి ముందు, గడపకు చాలా దూరంలో నిలబడ్డాడు.

"జంగక్కా."

ఆ పిలుపుకు పక్కింట్లోంచి సక్కుబాయి తల బయటపెట్టింది. జంగమ్మ ఇస్తరాకులో అన్నం పెట్టి, గుడ్డు తొక్క తీస్తున్నది. తలెత్తలేదు.

"బిడ్డకు చెప్పిన, వేరేది కొందామని. ఇంటలేదు. వాళ్ల అత్తమ్మ ఫోన్ చేసి గదే పట్టాలంటున్నది. ఆ ఫొటో అందరికి పంపిన్రు. ఫోన్ల పంపే కార్డు మీద గూడ గదే ఏస్తరట." నర్సింహ గొంతు తగ్గించాడు. "దేవుని అర్రల పెట్టింది జంగక్కా, దుప్పటి. మా అమ్మ గుర్తువట్టింది. నిన్నటిసంది బువ్వ ముడ్తలేదు."

"కాలవెట్టు."

"మైల బట్ట మేమెట్ల ముట్టుకుంటం? ఇంట్లకెల్లి చాకలోళ్లే తియ్యాలె. నువ్వొచ్చి తీస్కపో. బిడ్డకు నేనేదో చెప్పుకుంట."

"తెల్లగనే ఉన్నది గద సార్. మైలేంది?"

"సార్ అనకు జంగక్కా. నీకు దండం పెడుత."

"ఆలూరు చాకలోళ్లను పిలువు."

"అడిగిన. ఒకలు చచ్చినది గాదు, ఇద్దరు చచ్చిన దుప్పటి, మేం మొయ్యం అన్నరు. శివయ్యకు ఫోన్ చేసిన. ఆయినెకు గూడ మైలనే గద."

"నాకు గాదా?"

నర్సింహ చెప్పు కొసతో మట్టిని గీరాడు.

"దినాలు కాలే," అంది జంగమ్మ. "పెండ్లి ఇంటి గడప ఎట్ల తొక్కుత? నా నీడ పడొద్దంటివి పిల్ల మీద. దినాలు కానియ్యి, వచ్చి తీస్కపోత."

"పెండ్లి దినాలకన్న ముందే ఉన్నది."

"అట్లనా," అంది జంగమ్మ.

గుడ్డును రెండుగా చీల్చి అన్నం మీద పెట్టింది. ఆకు తీసుకుపోయి మట్టిగోడ మీద ఉంచి, ఇవతలికి వచ్చి గడపలో కూర్చుంది. నర్సింహ ఇంకా పోలేదు. చొక్కా అంచు వేళ్లతో మడుస్తున్నాడు, విప్పుతున్నాడు.

"జంగక్కా, అది పసిపిల్ల. అది నీకేం జేసింది? నీ కాళ్లు..." అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు.

గోడ మీద కాకి వాలింది. ఆకు చుట్టూ నడిచింది. తల వంచింది.

"నోరిప్పకు," అంది జంగమ్మ.

నర్సింహ అడుగు గాలిలోనే ఆగింది.

"కదలకు. పిట్ట ముడ్తున్నది."

కాకి గుడ్డులోని పసుపుపచ్చది పొడిచింది. తలెత్తి నర్సింహను చూసింది, మళ్లీ పొడిచింది. ఇంకో కాకి వచ్చింది. నర్సింహ అట్లాగే నిలబడ్డాడు. ఆకు ఖాళీ అయ్యేదాకా జంగమ్మ అతన్ని కదలనివ్వలేదు.